పదకొండు రోజుల్లో నాలుగు చిన్న సమాధులు: 1880ల నాటి అమెరికా చిన్న ఊళ్ళలో ఏం జరిగేది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. విస్కాన్సిన్‌లో ఒక చిన్న ఊరికి ఈమధ్యే మారారు. సాయంత్రం నడకకి వెళ్తే ఊరి చివర పాత సిమెట్రీలో ఒకే ఇంటిపేరుతో నాలుగు చిన్న రాళ్ళు కనిపించాయి. పెద్దపిల్లకి తొమ్మిదేళ్ళు, ఆఖరివాడికి ఏడాదిన్నర. నలుగురూ 1882 డిసెంబర్‌లో, పదకొండు రోజుల వ్యవధిలో పోయారు. "ఏం జరిగి ఉంటుంది? ఇల్లు కాలిపోయిందా, ఎవరైనా చంపేశారా? సినిమాల్లో చూపించే ఆ ప్రశాంతమైన పాత అమెరికా పల్లెటూళ్ళు నిజంగా అలా ఉండేవా?" అని అడిగారు.

మొదటి ప్రశ్నకి నా సమాధానం: దాదాపు ఖాయంగా డిఫ్తీరియా. మన పాత వైద్యం పుస్తకాల్లో కంఠసర్పి అని రాసేవారు. ఇల్లు కాలినా, హత్య జరిగినా నాలుగు రాళ్ళ మీదా ఒకే తేదీ ఉండేది. కొద్ది రోజుల తేడాలతో ఒకరి వెనక ఒకరు, అదీ చలికాలంలో, పిల్లలు మాత్రమే పోయారంటే గొంతు జబ్బే. స్కార్లెట్ ఫీవర్ (గొంతునొప్పి, ఒళ్ళంతా ఎర్రటి దద్దుర్లతో వచ్చే జ్వరం) కూడా అయ్యుండొచ్చు, కానీ నా మొదటి అనుమానం దీని మీదే.

రెండో ప్రశ్నకి: లేదండీ, అలా ఉండేవి కావు. అయితే ఆ చీకటి మీరు భయపడిన రకం కాదు. హంతకులు, దొంగలు చాలా అరుదు. ఇంట్లో ఏదైనా కష్టం వస్తే, అది జబ్బు కానివ్వండి, అప్పు కానివ్వండి, మొగుడి దౌర్జన్యం కానివ్వండి, ఆ ఇంటివాళ్ళే నాలుగు గోడల మధ్య మోసుకోవాల్సి వచ్చేది. ఊరికి అన్నీ తెలిసేవి. తెలిసినా ఏం చెయ్యాలో తెలిసేది కాదు, కొన్నిసార్లు చెయ్యడానికి చట్టం ఒప్పుకునేది కాదు. ఇంకొన్నిసార్లు ఊరంతా కలిసొచ్చి చేసిన పనే అసలు ఘోరం.

నేను ఇరవై రెండేళ్ళు మిడ్‌వెస్ట్‌లో ఒక కౌంటీ (మన జిల్లా లాంటిది) లైబ్రరీలో, స్థానిక చరిత్ర గదిలో పనిచేశాను. మైక్రోఫిల్మ్ మీద పాత వారపత్రికలు, చేతిరాత రిజిస్టర్లు, సెన్సస్ కాగితాలు చదవడమే నా రోజువారీ పని. మీలాగే నాలుగు రాళ్ళు చూసి మనసు ఆగక వచ్చినవాళ్ళు చాలామందికి వెతికిపెట్టాను. ఆ అనుభవంతో రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది.

ముందు ఆ పిల్లల సంగతి. డిఫ్తీరియాలో గొంతు లోపల బూడిదరంగు పొర కడుతుంది. అది మందమై గాలి దారి మూసేస్తుంది. ఊపిరాడక పోయేవాళ్ళు కొందరు, గొంతు తెరిపిన పడ్డాక ఆ విషం గుండెకి చేరి వారం తర్వాత హఠాత్తుగా పోయేవాళ్ళు కొందరు. తల్లి 'గండం గడిచింది' అనుకున్న బిడ్డ, లేచి కూర్చుని పాలు తాగిన బిడ్డ, అలా ఒరిగిపోవడం ఆ జబ్బులో ఉన్న మరీ క్రూరమైన సంగతి. మీరు చూసిన తేదీల మధ్య దూరం అందుకే ఒకేలా ఉండదు.

చలికాలంలో పిల్లలందరూ ఒకే మంచం మీద, ఒకే దుప్పటి కింద పడుకునేవారు. తాగే చెంబు ఒకటే. బడిలో నీళ్ళ బకెట్, దానికి ముంత ఒకటే. మీ రాళ్ళ మీద ఉన్న 1882 నాటికి ఆ జబ్బు పుట్టించే క్రిమి ఏదో ప్రపంచంలో ఎవరికీ తెలియదు. 1883లో క్లెబ్స్ అనే శాస్త్రవేత్త దాన్ని మైక్రోస్కోపులో చూశాడు, 1884లో లోఫ్లర్ విడిగా పెంచి నిరూపించాడు. 1890లో బెర్లిన్‌లో బెరింగ్, కిటసాటో విరుగుడు సీరమ్ దారి కనిపెట్టారు. న్యూయార్క్ లాంటి నగరాల్లో అది పిల్లలకి ఇవ్వడం మొదలైంది 1895 ప్రాంతంలో. మీ ఊళ్ళో ఆ నలుగురికీ ఆ మందు పదమూడేళ్ళు ఆలస్యమైందన్నమాట. డాక్టర్ వచ్చినా చేసేది గొంతులో కార్బాలిక్ అనే క్రిమిసంహారక మందు పూయడం, సున్నపు ఆవిరి పట్టించడం, మరీ తెగువ ఉన్నవాడైతే గొంతు కోసి గొట్టం పెట్టడం. ఆ డాక్టర్ కూడా పది మైళ్ళ అవతల నుంచి మంచులో గుర్రబ్బండి మీద రావాలి.

ఇంకొక మాట, మీరు రాళ్ళు మళ్ళీ చూసినప్పుడు గమనించండి. ఆ కాలపు పిల్లల రాళ్ళ మీద వయసు '4 ఏళ్ళ 2 నెలల 11 రోజులు' అని చెక్కించేవారు. చాలాసార్లు పుట్టిన తేదీ వేసేవారు కాదు, వయసు రోజులతో సహా లెక్కపెట్టి వేసేవారు. పైన చిన్న గొర్రెపిల్ల బొమ్మ ఉంటుంది, వానకి అరిగి ఇప్పుడు సబ్బుముక్కలా కనిపిస్తుంది. అక్షరానికి ఇంతని తీసుకునే రాతిపనివాడికి, పంట అమ్మితే తప్ప చేతిలో డబ్బు ఆడని రైతు, వయసులోని ఆ రోజుల లెక్క చెక్కించడం కోసం అదనంగా ఇచ్చాడు. చిన్నపిల్లలు ఎలాగూ పోతుంటారు కాబట్టి అప్పటివాళ్ళకి అంత బాధ ఉండేది కాదని కొందరు రాస్తుంటారు. ఆ మాట నేను ఎప్పటికీ ఒప్పుకోను.

అంటురోగం ఉన్న ఇంటికి హెచ్చరిక కాగితం అంటించేవారు. ఎవరూ లోపలికి రాకూడదు, వాళ్ళు బయటికి రాకూడదు. చాలాచోట్ల అంత్యక్రియలకి జనాన్ని రానిచ్చేవారు కాదు. తండ్రే పెట్టె చేసి, తండ్రే గుంట తవ్వి, చీకటి పడ్డాక పూడ్చిపెట్టిన సందర్భాలు పత్రికల్లో చదివాను. మన దగ్గర చావు ఇంటికి వంట చేసి పంపించేది పక్కింటివాళ్ళే కదా. అలాంటిదే అక్కడా ఉండేది. ఈ జబ్బు ఆ ఒక్క ఓదార్పునీ లాగేసుకుంది.

ఇక మీ రెండో ప్రశ్న. ఇక్కడ దూరం గురించి చెప్పాలి, ఎందుకంటే చాలా కష్టాలకి అదే మొదలు.

1862 హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం ప్రభుత్వ భూమి 160 ఎకరాలు తీసుకున్నవాడు ఆ భూమి మీదే ఇల్లు కట్టుకుని ఐదేళ్ళు కాపురం ఉండాలి. మన ఊళ్ళలో ఇళ్ళన్నీ ఒక్కచోట ఉంటాయి, పొలాలు బయట ఉంటాయి. యూరప్‌లో చాలా పల్లెలూ అంతే. అమెరికా మైదానాల్లో మాత్రం ఎవరి పొలంలో వాళ్ళ ఇల్లు. పక్కిల్లు అంటే అర మైలు, మైలు. నార్వేలోనో జర్మనీలోనో నలుగురి మధ్య పుట్టి పెరిగిన ఆడమనిషి, భాష రాని దేశంలో, నవంబర్ నుంచి మార్చి దాకా మొగుడి ముఖం, పిల్లల ముఖాలు తప్ప ఇంకో మనిషిని చూడని రోజులు అవి. 1893లో యూజీన్ స్మాలీ అనే పత్రికా రచయిత అట్లాంటిక్ మంత్లీ పత్రికలో దీని గురించే వ్యాసం రాశాడు. కొత్త ప్రెయిరీ (గడ్డి మైదానాల) రాష్ట్రాల్లో రైతుల్లో, రైతుల భార్యల్లో మతి చలించడం కలవరపెట్టే స్థాయిలో ఉందని, ముఖ్యంగా స్కాండినేవియా నుంచి వచ్చినవాళ్ళలో ఎక్కువని చెప్పాడు. ఇళ్ళన్నీ ఒకచోటికి చేర్చి ఊళ్ళుగా కట్టుకోండని సలహా కూడా ఇచ్చాడు. ఇంటిదాకా ఉత్తరాలు తెచ్చిచ్చే గ్రామీణ తపాలా కూడా 1896లో గానీ మొదలవలేదు. అంతవరకూ ఉత్తరం వచ్చిందో లేదో చూడాలన్నా బండి కట్టుకుని వెళ్ళాల్సిందే.

దూరం అంటే ఎంత దూరమో చెప్పడానికి మీ రాష్ట్రంలోనే ఒక సంగతి ఉంది. 1871 అక్టోబర్ 8 రాత్రి పెష్టిగో అనే కలప ఊరు, చుట్టుపక్కల అడవులతో సహా, కాలి బూడిదైంది. కనీసం 1,200 మంది పోయారు, అంతకు రెట్టింపు అనే అంచనాలూ ఉన్నాయి. గుర్తుపట్టడానికి వీల్లేని సుమారు 350 మందిని ఒకే గుంటలో పూడ్చారు. అదే రాత్రి షికాగో తగలబడింది. షికాగో సంగతి దేశమంతా వెంటనే తెలిసింది. పెష్టిగో దగ్గర టెలిగ్రాఫ్ తీగలు కాలిపోవడంతో వార్త రాజధాని మ్యాడిసన్ చేరేసరికి గవర్నర్ ఫెయిర్‌చైల్డ్ షికాగోకి సాయం చెయ్యడానికి వెళ్ళిపోయి ఉన్నాడు. ఇంట్లో ఉన్న ఆయన భార్య ఫ్రాన్సెస్ షికాగో వెళ్ళాల్సిన సామాన్ల రైలుని ఇటు మళ్ళించింది. సొంత రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా పోతే ముందు పక్క రాష్ట్రానికి సాయం బయల్దేరిందంటే, ఒక రైతు ఇంట్లో పోయిన నలుగురు పిల్లల గురించి ఎవరికి తెలుస్తుంది?

తర్వాత అప్పు. 1881లో బుషెల్ (సుమారు 27 కిలోలు) గోధుమ ధర డాలరు పైన ఉండేది. 1894కి అది 49 సెంట్లకి పడింది. భూమి తాకట్టు మీద తీసుకున్న అప్పు మాత్రం పడదు కదా. 1893 సంక్షోభంలో దేశంలో దాదాపు 500 బ్యాంకులు, 15,000 వ్యాపారాలు మూతబడ్డాయి. చిన్న ఊళ్ళో బ్యాంకు మూతబడటం అంటే ఊరంతటి డబ్బూ ఒక్క ఉదయాన పోవడం. ఆ రెండు మూడేళ్ళ వారపత్రికలు చదువుతుంటే అప్పు తీర్చలేనివాళ్ళ ఆస్తులకి షెరీఫ్ వేలం ప్రకటనలు పేజీ నిండా ఉంటాయి, వాటి పక్కనే ఆత్మహత్య వార్తలు. బంగాళాదుంప పురుగు కోసం ఇంట్లో ఉంచుకున్న ప్యారిస్ గ్రీన్ అనే విషం పేరు మళ్ళీమళ్ళీ కనిపిస్తుంది. నేను ఆ ఫిల్మ్‌లు మొదటిసారి చదువుతున్న రోజుల్లోనే, 1998లో, వరంగల్ పత్తి రైతుల వార్తలు ఇక్కడికి చేరుతుండేవి. ఇంటికొచ్చి తెలుగు పేపర్ చూస్తే 'పురుగుల మందు తాగి' అనే మాట. పొద్దున లైబ్రరీలో చదివిందీ అదే. నూరేళ్ళ తేడా, వేరే దేశం, వేరే పంట. అప్పు, పడిన ధర, చేతికందే దూరంలో పొలం మందు మాత్రం అవే. కొన్ని రోజులు నాకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు ఆడవాళ్ళ సంగతి. ఇది నేను కాస్త నిదానంగా చెప్తాను, ఎందుకంటే నా దగ్గరికి వచ్చిన కేసుల్లో ఎక్కువ ఇవే.

ఇల్లినాయ్‌లో మాంటెనో అని చిన్న ఊరు. అక్కడ ప్రెస్బిటేరియన్ అనే క్రైస్తవ శాఖ పాస్టర్ థియోఫిలస్ ప్యాకర్డ్, ఆయన భార్య ఎలిజబెత్, ఆరుగురు పిల్లలు. బైబిల్ క్లాసులో ఆవిడ భర్త బోధనతో విభేదించి తన అభిప్రాయం పైకి చెప్పింది. ఆవిడ చేసిన నేరం అంతే. 1851 నాటి ఇల్లినాయ్ చట్టం ప్రకారం మిగతావాళ్ళని పిచ్చాసుపత్రిలో చేర్చాలంటే సాక్ష్యం చూపించాలి, పెళ్ళయిన ఆడదాన్ని చేర్చడానికి మాత్రం మొగుడు కోరితే చాలు. 1860 జూన్ 18న ఆవిడని బలవంతంగా జాక్సన్‌విల్ పిచ్చాసుపత్రికి తీసుకెళ్ళారు. స్టేషన్ దగ్గర జనం గుమిగూడారు. చూశారు. చట్టం భర్త వైపు ఉంది, ఎవరూ అడ్డుపడలేదు. రైలు వెళ్ళిపోయింది.

మూడేళ్ళు అక్కడే ఉంది. బయటికి వచ్చాక భర్త ఇంట్లోనే పిల్లల గదిలో పెట్టి, కిటికీలకి మేకులు కొట్టి బంధించాడు. ఆవిడ ఒక చీటీ రాసి బయటికి చేరవేయగలిగింది. అది సారా హాస్లెట్ అనే స్నేహితురాలికి అందింది, ఆవిడ దాన్ని జడ్జి దాకా తీసుకెళ్ళింది. 1864 జనవరిలో కంకకీలో విచారణ జరిగింది. జ్యూరీకి ఆవిడకి మతి స్థిమితం ఉందని తేల్చడానికి పట్టింది ఏడు నిమిషాలు. గెలిచి ఇంటికి వెళ్తే ఇల్లు అద్దెకిచ్చేసి ఉంది. సామాన్లు, డబ్బు, ఆఖరికి ఆవిడ బట్టలు, పిల్లలతో సహా మొగుడు మసాచుసెట్స్ వెళ్ళిపోయాడు. వాటిలో దేని మీదా ఆవిడకి చట్టప్రకారం హక్కు లేదు. తర్వాత ఆవిడ ఊరూరా తిరిగి, పుస్తకాలు రాసి అమ్ముకుని, 1867లో జ్యూరీ విచారణ లేకుండా ఎవరినీ పిచ్చాసుపత్రిలో పెట్టకూడదనే చట్టం ఇల్లినాయ్‌లో వచ్చేలా చేసింది. పిల్లలు తన దగ్గరికి రావడానికి 1869 దాకా ఆగాల్సి వచ్చింది.

ఈ కథలో నేను ఎప్పుడూ ఆగేది రెండుచోట్ల. స్టేషన్ దగ్గర నిలబడి చూసిన జనం దగ్గర ఒకసారి. చీటీ పట్టుకుని వెళ్ళిన సారా హాస్లెట్ దగ్గర ఇంకోసారి. ఇద్దరూ ఒకే ఊరివాళ్ళు.

నా దగ్గరికి వచ్చిన ఒకావిడ కేసు చెప్తాను, ఊరూ పేరూ లేకుండా. వాళ్ళ ముత్తవ్వ కాన్పులో పోయిందని ఇంట్లో తరతరాలుగా చెప్పుకుంటున్నారు. సమాధి మాత్రం ఎక్కడా దొరకడం లేదు. 1880 సెన్సస్‌తో పాటు ప్రభుత్వం విడిగా ఇంకో పట్టిక రాయించింది. మతి చలించినవాళ్ళు, చూపు లేనివాళ్ళు, మాటా వినికిడీ లేనివాళ్ళు, కౌంటీ ఖర్చు మీద బతికే నిరుపేదలు, ఖైదీలు, వీళ్ళందరినీ వేరువేరు పేజీల్లో రాసిన పట్టిక అది. అందులో ఆ ముత్తవ్వ దొరికింది. జబ్బు రకం: మెలాంకోలియా, అంటే తీరని దిగులు. మొదటిసారి వచ్చిన వయసు: 27. ఆవిడ ఆఖరి బిడ్డ పుట్టినప్పుడు ఆవిడ వయసు కూడా 27. ఇప్పుడైతే కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ అని డాక్టర్ మందు రాసి ఇంటికి పంపుతుంది. అప్పుడు ఆవిడని ఊరికి దూరంగా ఉన్న ఆసుపత్రిలో పెట్టారు, అక్కడే ఆవిడ ఆ తర్వాత ఇరవై ఏళ్ళకి పైగా బతికింది. ఇంట్లో మాత్రం చనిపోయిందని చెప్పుకున్నారు. ఇంటి పరువు, నలుగురూ ఏమనుకుంటారో అన్న భయం. ఆ మునిమనవరాలు కాగితం చేత్తో పట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక్కటే అడిగింది: "ఎవరైనా వెళ్ళి చూసేవాళ్ళా?" దానికి ఏ రిజిస్టర్‌లోనూ జవాబు ఉండదు.

మందుల గురించి కూడా ఒక్క మాట. డాక్టర్ దూరం కాబట్టి జనం కొట్లో దొరికే సీసాల మీద ఆధారపడ్డారు. పిల్లలు ఏడవకుండా పడుకోవడానికి మిసెస్ విన్స్లోస్ సూతింగ్ సిరప్ అని ఇంటింటా ఉండేది. అందులో ఉన్నది మార్ఫిన్, అంటే నల్లమందు సారం. మన దగ్గరా పొలం పనికి వెళ్ళే తల్లులు పసిపిల్లలకి నల్లమందు పెట్టి పడుకోబెట్టిన రోజులు ఉన్నాయి, కాబట్టి ఆ తల్లుల్ని తప్పుపట్టకండి. తేడా ఏమిటంటే ఇక్కడి సీసా మీద లోపల ఏముందో రాసేవారు కాదు. ఆహారం, మందుల మీద 1906లో చట్టం వచ్చాకే రాయాల్సి వచ్చింది. ఎందరు పిల్లలు మేలుకోలేదో ఎవరూ లెక్కపెట్టలేదు.

అనాథ పిల్లల రైళ్ళ గురించి విన్నారో లేదో. 1854 నుంచి 1929 దాకా న్యూయార్క్ లాంటి నగరాల వీధుల్లోంచి సుమారు 2 లక్షల మంది పిల్లల్ని రైలెక్కించి మిడ్‌వెస్ట్ పల్లెలకి పంపారు. మొదటి జట్టు దిగింది మిషిగన్‌లో డవాజియాక్ అనే చిన్న ఊళ్ళో. చర్చిలోనో ఊరి హాల్లోనో వరసగా నిలబెడితే రైతులు వచ్చి ఎంచుకునేవారు. సంతలో ఎద్దుల్ని చూసినట్టు దండలు నొక్కి చూసేవారని పెద్దయ్యాక ఆ పిల్లలే చెప్పారు. కొందరికి నిజంగా అమ్మానాన్నలు దొరికారు, ఆస్తి పంచి ఇచ్చినవాళ్ళూ ఉన్నారు. కొందరు జీతం లేని పాలేర్లయ్యారు. అన్నదమ్ములు చెరో ఊళ్ళో పడి ఒకరి జాడ ఒకరికి తెలియకుండా ముసలివాళ్ళైపోయిన కథలు లెక్కలేనన్ని.

ఇంతకుముందు 'ఊరంతా కలిసి చేసిన పని' అన్నాను. దానికి రెండు ఉదాహరణలు ఇస్తాను. రెండూ వేరువేరు రకాలు.

మొదటిది రోడ్ ఐలండ్‌లో ఎక్సెటర్. 1820లో 2,500 మందికి పైగా ఉన్న ఆ పల్లె 1892 నాటికి 961కి తగ్గిపోయింది. జార్జ్ బ్రౌన్ అనే రైతు ఇంట్లో క్షయ పడింది. 1883లో భార్య, మరుసటి ఏడు పెద్ద కూతురు, 1892 జనవరిలో 19 ఏళ్ళ మెర్సీ పోయారు. కొడుకు ఎడ్విన్ కొలరాడో దాకా వెళ్ళి గాలి మార్పు చూసుకుని వచ్చినా తగ్గలేదు. పోయినవాళ్ళలో ఎవరో సమాధిలోంచి బతికున్నవాళ్ళ రక్తం పీలుస్తున్నారని ఇరుగుపొరుగు నమ్మారు. తండ్రికి ఆ నమ్మకం లేదు. అయినా ఒత్తిడికి తలొగ్గాడు. మార్చి 17న సమాధులు తెరిచారు. తల్లీ, పెద్దమ్మాయీ ఎముకలుగా మిగిలారు. రెండు నెలల క్రితం పోయిన మెర్సీ, గడ్డకట్టే చలిలో భూమి పైన రాతిగదిలో ఉంచిన మెర్సీ, చెదరకుండా ఉంది. గుండెలో రక్తం ఉంది. డాక్టర్ మెట్‌కాఫ్ అక్కడే నిలబడి ఇది క్షయ, చలికి శరీరం ఇలా ఉండటం సహజం అని చెప్పాడు. వినలేదు. గుండె, కాలేయం తీసి పక్కనే బండ మీద కాల్చి, ఆ బూడిద కలిపి అన్న ఎడ్విన్‌కి తాగించారు. మే 2న ఎడ్విన్ కూడా పోయాడు.

క్షయ క్రిమిని కోఖ్ కనిపెట్టి అప్పటికి దాదాపు పదేళ్ళయింది. పత్రికలు ఆ ఊరివాళ్ళని అనాగరికులని ఎగతాళి చేశాయి. నాకు అలా అనిపించదు. డాక్టర్ జబ్బు పేరు చెప్పగలిగాడు కానీ తగ్గించే మందు అతని దగ్గర లేదు. ఇరుగుపొరుగు దగ్గర ఏదో ఒకటి చెయ్యడానికి ఉంది. ఇంకో బిడ్డ కళ్ళముందే కరిగిపోతుంటే ఆ తండ్రి ఎవరి మాట వింటాడు?

రెండోది మాత్రం క్షమించలేనిది. 1885 సెప్టెంబర్ 2న వయోమింగ్‌లో రాక్ స్ప్రింగ్స్ అనే బొగ్గు గనుల ఊళ్ళో తెల్ల గనికార్మికులు చైనా కార్మికుల పేటమీద పడి 28 మందిని చంపారు, ఇళ్ళు తగలబెట్టారు. పట్టపగలు, మొహాలు దాచుకోకుండా. అరెస్టులు జరిగాయి. నేరారోపణ చెయ్యడానికి గ్రాండ్ జ్యూరీ ఒప్పుకోలేదు, ఎవరికీ శిక్ష పడలేదు. ఊరంతా చూసింది, ఎవరూ సాక్ష్యం చెప్పలేదు. 'అందరూ అందరికీ తెలిసిన ఊరు' అన్న మాటలో ఉన్న తియ్యదనం ఆ ఊరి లోపలివాళ్ళకే. లోపలివాళ్ళు ఎవరో ఊరు తేల్చేది. మీరున్న విస్కాన్సిన్‌లోనే హో-చంక్ అనే ఆదివాసీ ప్రజలని వాళ్ళ సొంత నేల నుంచి సైన్యం పదేపదే తరిమింది. ఆఖరుసారి 1873-74 చలికాలంలో నెబ్రాస్కాకి పంపారు. చాలామంది మళ్ళీ నడిచి తిరిగొచ్చారు. మీరు సాయంత్రం నడిచే దారి కూడా ఎవరి నేలో ఒకసారి తెలుసుకోండి.

విస్కాన్సిన్ అన్నాను కాబట్టి బ్లాక్ రివర్ ఫాల్స్ పేరు చెప్పాలి. 1879లో అక్కడికి వచ్చి స్టూడియో పెట్టిన ఛార్ల్స్ వాన్ షైక్ అనే ఫొటోగ్రాఫర్ కొన్ని దశాబ్దాల పాటు ఆ ఊరివాళ్ళనీ, హో-చంక్ కుటుంబాలనీ గాజు పలకల మీద తీశాడు. అవి ఇప్పుడు రాష్ట్ర చారిత్రక సంస్థ దగ్గర ఉన్నాయి, చాలావరకు ఆన్‌లైన్‌లో చూడొచ్చు. పెళ్ళిళ్ళు, గుర్రాలు, కొట్లు, వాటి మధ్య శవపేటికలో పడుకోబెట్టిన పసిపిల్లలు. చాలామంది తల్లులకి బిడ్డ ఫొటో అంటూ ఉన్నది అదొక్కటే. వాటిని చూసి భయపడకండి. ఆ బట్టలు ఎంత జాగ్రత్తగా ఇస్త్రీ చేశారో, జుట్టు ఎంత నీటుగా దువ్వారో చూడండి.

ఒక హెచ్చరిక. పాత పత్రికల్లోంచి చావులు, పిచ్చి, ఆత్మహత్యలు మాత్రమే ఏరి ఒకచోట పేరిస్తే ఏ ఊరైనా నరకంలా కనిపిస్తుంది. పత్రిక మామూలు రోజుని అచ్చు వెయ్యదు. నేను చదివిన అవే పేజీల్లో కాలిపోయిన కొట్టాన్ని ఊరంతా కలిసి మళ్ళీ కట్టిన వార్తలు, విధవరాలి పంట ఇరుగుపొరుగు కోసిపెట్టిన వార్తలు కూడా ఉన్నాయి. నగరాల్లో డిఫ్తీరియా పల్లెల కన్నా తక్కువేం కాదు, మురికివాడల్లో ఇంకా ఎక్కువ. స్మాలీ వ్యాసం కూడా ఒక పరిశీలకుడి మాటే, జనాభా లెక్క కాదు. పల్లెటూరు మనుషుల్ని రాక్షసుల్ని చేస్తుందని నేను అనడం లేదు. సాయం అందని చోట మంచివాళ్ళ ఇళ్ళలో కూడా ఏం జరుగుతుందో చెప్తున్నాను.

ఇక మీరు చెయ్యగలిగిన పని. విస్కాన్సిన్‌లో రాష్ట్రమంతటా మరణాల నమోదు గట్టిగా మొదలైంది 1907లో. 1882 నాటి నమోదు కౌంటీలో ఉండొచ్చు, ఉండకపోవచ్చు, అయినా రిజిస్టర్ ఆఫ్ డీడ్స్ (కౌంటీ రికార్డుల) ఆఫీసులో అడగండి. ముందు 1880 సెన్సస్ తియ్యండి. అది జూన్ 1 నాటి లెక్క, కాబట్టి పెద్ద పిల్లలు పేర్లతో సహా బతికే కనిపిస్తారు. ఆఖరివాడు అప్పటికి పుట్టి ఉండడు. 1885లో రాష్ట్ర సెన్సస్ ఉంది, అందులో పేరు ఇంటి యజమానిది ఒక్కటే ఉంటుంది, మిగతావాళ్ళు ఆడామగా ఎందరన్న లెక్కలోనే ఉంటారు. ఆ అంకె చూస్తే ఇంట్లో ఎవరైనా మిగిలారో లేదో కొంత అంచనా దొరుకుతుంది. 1890 సెన్సస్ కోసం వెతికి టైమ్ పాడుచేసుకోకండి, 1921 అగ్నిప్రమాదంలో దెబ్బతిని, తర్వాత దాదాపు మొత్తం పోయింది. 1882 డిసెంబర్, 1883 జనవరి నెలల స్థానిక వారపత్రిక తప్పకుండా చూడండి. పెద్ద శీర్షిక కోసం చూడకండి. ఇలాంటి వార్త రెండు లైన్లే ఉంటుంది, చర్చి విందుకీ కొత్త టోపీల ప్రకటనకీ మధ్యలో.

అన్నిటికన్నా ముఖ్యం 1900 సెన్సస్. అందులో ప్రతి తల్లినీ రెండు ప్రశ్నలు అడిగారు: ఎందరిని కన్నావు, ఎందరు బతికున్నారు. పక్కపక్కనే రెండు చిన్న గడులు. నేను చూసినవాటిలో 11, 4 అని ఉన్న తల్లి ఉంది. 6, 0 అని ఉన్న తల్లి ఉంది. సెన్సస్ ఉద్యోగి గుమ్మంలో నిలబడి ఆ రెండు అంకెలు అడిగినప్పుడు ఆవిడ ఎలా చెప్పిందో అని ఇప్పటికీ అనుకుంటాను. డిసెంబర్ 1882 తర్వాత ఈ కుటుంబంలో పుట్టిన పిల్లల పేర్లు కూడా చూడండి. పోయిన బిడ్డ పేరే తర్వాత పుట్టిన బిడ్డకి పెట్టడం అప్పట్లో మామూలు.

రాళ్ళ మీద అక్షరాలు సరిగా కనిపించకపోతే సుద్ద రుద్దకండి, బ్లీచ్ అసలు వాడకండి, పాత పాలరాయి పొడిపొడిగా రాలిపోతుంది. సిమెట్రీ వాళ్ళని అడిగి మామూలు నీళ్ళు, మెత్తటి బ్రష్ వాడండి. లేదా పొద్దువాలే వేళ వెళ్ళండి, ఏటవాలు వెలుతురులో అరిగిన అక్షరాలు వాటంతటవే లేచి కనిపిస్తాయి. ఇంకొకటి, ఆ నాలుగు రాళ్ళ చుట్టూ గడ్డి కాస్త పక్కకి తప్పించి చూడండి. తల్లి రాయి అక్కడే పిల్లల పక్కన ఉందో, లేక ఆ కుటుంబం ఇంకెక్కడికో వెళ్ళిపోయి వాళ్ళని అక్కడే వదిలేయాల్సి వచ్చిందో దానివల్ల తెలుస్తుంది. వివరాలు దొరికితే రాయండి, మిగతాది కలిసి వెతుకుదాం.